చేతులు వెనక్కి పెట్టుకోవడం నేర్చుకున్న బాబాయి

మా బాబాయి పోయారని పిన్ని డాలస్ నుంచి ఫోన్ చేసేసరికి నేను స్కూల్‌కి బయలుదేరుతున్నాను. పొద్దున కాఫీ తాగి, బూట్లు తొడుక్కుంటూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారట. గుండె. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తెలియక స్కూల్‌కే వెళ్లాను. మూడు క్లాసులు చెప్పాను. నాలుగో క్లాసు మధ్యలో చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు ఎందుకు నిలబడ్డానో మర్చిపోయాను. అంత్యక్రియలకి వెళ్లొచ్చి వారమైంది. ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా వంటగట్టు దగ్గర నిలబడే రాస్తున్నాను.

డాలస్ చుట్టుపక్కల ఉండే మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. ఉగాది ఫంక్షన్‌లో లోపల పాటలు జరుగుతుంటే, బయట పార్కింగ్ లాట్‌లో ఎవరి కారుకో బానెట్ ఎత్తి, పట్టుచొక్కా చేతులు పైకి మడిచి వంగి ఉండేవారే, ఆయనే. ఒకేషనల్ హైస్కూల్లో ఆటో మెకానిక్స్ టీచరని చాలామందికి తెలియదు. మెకానిక్ అనే అనుకునేవారు. ఆయన దిద్దేవారు కాదు.

పదకొండేళ్లకే విజయవాడలో లారీల షెడ్డులో చేరారు. నర్సుగా వచ్చిన పిన్ని వెనకాల అమెరికా వచ్చి, డాలస్‌లో ఒక గరాజ్‌లో కుదురుకుని, తర్వాత మా నాన్నని, మమ్మల్ని పిలిపించారు. మా ఇంట్లో బడి చివరిదాకా చదివింది నేనే మొదట. పిన్ని చదువుకుంది కానీ ఆవిడ వేరే ఇంటి పిల్ల.

డెబ్బైల్లో పెట్రోలు కోసం కార్లు వీధి చివరిదాకా బారులు తీరిన రోజులు గడిచాక, ఒకేషనల్ స్కూల్లో మెకానిక్ టీచరు కావాలన్న ప్రకటన పిన్ని పేపర్లో చూసింది. డిగ్రీ అక్కర్లేదు, పనిచేసిన ఏళ్లే లెక్క. కానీ హైస్కూల్‌కి సమానమైన పరీక్ష పాసవ్వాలి, టీచర్లకు పెట్టే కోర్సులు చదవాలి, ఏడాదిలోపల ఒక సూపర్‌వైజర్ వచ్చి క్లాసు చూసి సరేననాలి. అప్పుడే సర్టిఫికెట్. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. బాబాయి నా పుస్తకాలు పెట్టుకుని నా పక్కనే డైనింగ్ టేబుల్ దగ్గర చదివారు. భిన్నాలు నాకంటే ఆయనకే బాగా వచ్చు. అమెరికా పానాల కొలతలన్నీ అంగుళాల్లో భిన్నాలే కదా, తొమ్మిది బై పదహారు, ఏడు బై పదహారు అని గడగడా చెప్పేవారు. వ్యాసం రాయమంటే మాత్రం లేచి ఇల్లంతా తిరిగేవారు. మొత్తానికి పాసయ్యారు. స్కూలువాళ్లు తాత్కాలిక పర్మిట్ ఇచ్చారు. ఈయన గరాజ్ మానేశారు.

సూపర్‌వైజర్ ఒక పెద్దావిడ. మొదటిసారి వచ్చి క్లాసు చూసి, కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ కాగితం వంటింట్లో నేనే చదివి చెప్పాను. ఈ గంటలో పని చేసింది టీచరే, విద్యార్థులు చూస్తూ నిలబడ్డారు అని ఉంది. ఏ పిల్లవాడు నట్టు వంకరగా ఎక్కిస్తున్నా ఈయన పానా లాక్కుని తనే బిగించేశారట. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు. ఆవిడ లెక్కపెట్టింది.

పిన్నికి నవ్వు ఆగలేదు. "ఆవిడకేం తెలుసు. ఇంట్లో నా చేతిలో గరిటె కూడా ఉండనివ్వడు ఈయన" అంది.

బాబాయి నవ్వలేదు. రెండోసారి ఆవిడ ఆరు వారాల్లో వస్తుంది. అప్పుడూ ఇదే రాస్తే జూన్‌తో పర్మిట్ పోతుంది. గరాజ్‌లో ఆయన చోట అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆ సాయంత్రమంతా ఆయన ఇంటి పక్కన కారు నిలిపే కార్‌పోర్ట్‌లో, ఉన్నచోటే ఉన్న సామాన్లని తీసి మళ్లీ సర్దుతూనే ఉన్నారు.

మర్నాడు నేనే అడిగాను, నాకు నేర్పించమని. అప్పటిదాకా పానా ముట్టుకోని నాకు, వేలు పెట్టకుండా, నోటిమాటతో బ్రేకులు మార్చడం నేర్పించగలిగితే క్లాసులో ఎవరికైనా నేర్పించగలరని నా వాదన. ప్రతి శనివారం ఆయన పాత స్టేషన్ వ్యాగన్ కారు వెనక చక్రాలు విప్పేవాళ్లం.

మొదటి శనివారం ఆయన దగ్గర మూడే మాటలున్నాయి. అది తియ్యి, అలా కాదు, ఇటివ్వు. అది అంటే ఏదని నేను అడగడం, ఆయన చెయ్యి ముందుకు రావడం, నేను పానా వీపు వెనక దాచుకోవడం. నోట్‌బుక్ తెచ్చి ప్రతి స్ప్రింగుకీ పేరు రాయించుకున్నాను. చేతులు జేబుల్లో పెట్టుకోమంటే లోపల తాళాలు గలగలలాడించేవారు. వెనక్కి కట్టుకోమంటే కారు చుట్టూ తిరిగేవారు. ఆయన అడుగుల చప్పుడుకి నాకు కంగారు పుట్టి ఇంకా తప్పులు చేసేదాన్ని.

బ్రేక్ డ్రమ్ములో, దాన్ని లోపలినుంచి ఒత్తి చక్రాన్ని ఆపే షూలు రెండుంటాయి. పైన అతికించిన లైనింగ్ పట్టీ చిన్నగా ఉన్నది ముందువైపు, పెద్దది వెనకవైపు రావాలి. మూడో శనివారం నేను తిరగేసి పెట్టాను. ఆయన ఉండబట్టలేక నన్ను పక్కకి నెట్టి, అరనిమిషంలో సరిచేసి, చేతులు తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"మా నాన్నకి అంకెలు రావు బాబాయ్. నా లెక్క తప్పని చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. నా తప్పు నేనే వెతుక్కునేదాన్ని. అందుకే నాకు చదువొచ్చింది. నువ్విలా లాక్కుంటే నాకేం తెలుస్తుంది?"

ఆయన చేతులు తుడుచుకున్న గుడ్డ పక్కన పడేశారు. తర్వాత అన్నారు. "మా షెడ్డులో తప్పు చేస్తే పానాతో వేళ్ల మీద కొట్టేవాడమ్మాయ్ మా మేస్త్రీ. లారీ బ్రేకు కదా, కొండ దిగేటప్పుడు పట్టకపోతే మనుషులు పోతారు. తప్పు కనపడితే నా చెయ్యి ఆగదు. దానికి ఆగడం ఎవరూ నేర్పలేదు."

అని, తను సరిచేసిందంతా మళ్లీ విప్పి కింద పెట్టారు. ఒక మాట మాత్రం చెప్పారు: "ఒక చక్రం బ్రేకు విప్పినప్పుడు రెండోదాని బ్రేకు విప్పకు. అనుమానం వస్తే వెళ్లి దాన్ని చూసుకో. అదే నీ పుస్తకం." ఈ మాట తర్వాత ఆయన దగ్గర చదివిన పిల్లలందరికీ కంఠస్థం. మొన్న అంత్యక్రియలకి పనిబట్టల్లోనే వచ్చిన ఒకతను దాన్ని ఇంగ్లీషులో నాకే అప్పజెప్పాడు.

సూపర్‌వైజర్ రెండోసారి వచ్చిన రోజు నేను బస్సు దిగి ఆయన స్కూల్‌కి నడిచి వెళ్లాను. పార్కింగ్‌లో వ్యాగన్‌కి ఆనుకుని నిలబడ్డారు. చెమటకి చొక్కా మొత్తం తడిసిపోయింది.

"సైన్ చేసింది" అన్నారు.

జరిగింది ముక్కలుముక్కలుగా చెప్పారు. ఒక కుర్రాడు షూలు తిరగేసి పెట్టాడు, అచ్చం నాలాగే. ఆవిడ పెన్ను పట్టుకుని ఈయన చేతులకేసి చూస్తోంది. ఈయన చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో మణికట్టు బిగించి పట్టుకున్నారు. వాడు స్ప్రింగులు కూడా తగిలించేశాడు. డ్రమ్ము ఎత్తాడు. అప్పుడు ఆగి, కిందపెట్టి, లేచి అవతలి చక్రం దగ్గరికి వెళ్లి కూర్చుని చూశాడు. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మొత్తం విప్పడం మొదలుపెట్టాడు. ఈయన మణికట్టు మీద వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

తాళం పెట్టబోతే అది రంధ్రంలోకి ఎక్కలేదు. రెండుసార్లు ప్రయత్నించి, తాళాలు నాకిచ్చేశారు.

"నువ్వు నడుపు."

నాకు లెర్నర్స్ పర్మిట్ వచ్చి రెండు వారాలైంది. ఆ వ్యాగన్‌ని ఆయన పిన్నికి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, మెల్లగా రోడ్డెక్కాను. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడటం ఆలస్యంగా చూశాను. ముందున్న ట్రక్కు దగ్గరికొచ్చేస్తోంది. నేనే బ్రేకు తొక్కాను. కారు ఆగాక పక్కకి చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నిటారుగా, రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. కుడికాలు మాత్రం, అక్కడ ఏ బ్రేకూ లేని చోట, కారు నేలని గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది.