ఉక్కుడేగ చోడిచేను కాసిన కథ

మా చిన్నప్పుడు... ఉక్కుడేగ రెక్క విరిగి మా కొండల్లో పడ్డాడు. దుంపలు తవ్వుకునే ఒక ముసలమ్మ ఆ రెక్కకి చెట్టుబెరడుతో కట్టు కట్టి, చోడిచేను, అంటే రాగిచేను, కోతకొచ్చేదాకా ఎగరొద్దంది. ఊరికే కూర్చోలేక వాడు మంచె ఎక్కి, డబ్బా వాయిస్తూ అడవిపందుల్ని తోలాడు... ఇదంతా పుస్తకంలో ఉందని పాతికేళ్లు నమ్మాను. పోయిన వారం దాకా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను... ఉక్కుడేగ అంటే ఇనప రెక్కలు తొడుక్కుని ఎగిరే వీరుడు. అప్పట్లో నెలనెలా బొమ్మల పుస్తకం వచ్చేది. ఇప్పుడు సినిమా తీస్తున్నారు.

నేను పెదబయలు వైపు ఆడపిల్లల హాస్టల్లో ఆరో తరగతి చదివాను. హాస్టల్ నాకు అస్సలు నచ్చలేదు... నీళ్ల పప్పు, కుళాయి దగ్గర తోపులాట, పక్కన చెల్లి లేకపోవడం. ప్రతి శనివారం మా అయ్య సంతకి అడ్డాకులు, పిప్పళ్లు తెచ్చి అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, నన్ను చూసి వెళ్లేవాడు. దసరా సెలవులయ్యాక నేను తేల్చేసుకున్నాను. అయ్యతో ఇంటికి పోతాను, మళ్లీ రాను.

అయ్య కూడా కాదనలేదు. "బాగోకపోతే వచ్చీయమ్మా, మేకలు కాద్దువు గాని" అన్నాడు.

ఆ శనివారమే ఉక్కుడేగ పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. ఎండుచేపలమ్మే ఆవిడ దాన్ని చివర్నుంచి చింపి పొట్లాలు కడుతుంటే, మిగిలింది అయ్య అడిగి తెచ్చాడు. ఆఖరి కాగితం అప్పటికే ఎవరి చేపలతోనో వెళ్లిపోయింది. రెక్క విరిగిన ఉక్కుడేగ లోయలోకి పడిపోతున్నాడు... అంతే, పుస్తకం అయిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నా పక్క చాప గురుబారిది. గురువారం పుట్టిందని దానికా పేరు, బుధవారం పుట్టానని నాకు బుద్రి.

"ఆ కాయితం నాను సదివేను. మాయమ్మ సేపలు అందులోనే కట్టించింది" అంది.

"ఏటుంది అందులో? బేగి సెప్పే" అన్నాను.

"నా పళ్లెం కడుగు, సెప్తాను."

అదీ బేరం. ఆ శనివారం అయ్యని ఒక్కణ్నే ఇంటికి పంపేశాను. సాయంత్రం అన్నాలయ్యాక కుళాయి దగ్గర దాని పళ్లెం నేను తోముతుంటే, అది గట్టు మీద కూర్చుని చెప్పేది. మిగతా పిల్లలు చుట్టూ చేరేవారు. ఇనప రెక్కకి బెరడు కట్టేమిటని ఎవ్వరం అడగలేదు. మా ఊళ్లలో ఏ ఎముక విరిగినా అదే కట్టు మరి.

శుక్రవారం వచ్చిందంటే చాలు, కథ సరిగ్గా పీకమీదికొచ్చి ఆగేది. పంది మంచె కాళ్లు కుమ్మేస్తోంది... మిగతాది ఆదివారం. నేనేమో శనివారం అయ్యతో, "వచ్చే వారం వస్తాన్లే అయ్యా" అనేదాన్ని. అయ్య నవ్వి వెళ్లిపోయేవాడు.

ఒక్క అనుమానం మాత్రం వచ్చింది. పుష్యమాసం దాటినా ఆ చేను పండదే? మా చేలన్నీ కోసి, నూర్చి, అంబలి కూడా తాగేస్తున్నాం.

"అది ఎత్తు కొండ మీది సేనే గుంటా, నెమ్మదిగా పండుద్ది" అంది గురుబారి. రైతుబిడ్డలం, అందరం తలలూపాం. ఒక్క కాగితంలో అన్ని నెలల కథ ఎలా పట్టిందని కూడా అడగలేదు... మా తెలివి అలా ఏడిసింది.

ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రం చేను కోశారు. ఉక్కుడేగ ఎగిరిపోయాడు. నేను పాసయ్యాను. ఆ తర్వాత ఇంటికి పోతానన్న మాటే ఎత్తలేదు. ఇప్పుడు నర్సుని.

పోయిన వారం ఉక్కుడేగ అభిమానుల గ్రూపులో, సినిమాలో ఏ కథ ఉండాలని పెద్ద చర్చ నడిచింది. నేను ఊరుకుంటానా? "చోడిచేను కథ లేకపోతే ఆ సినిమా దండగ" అని రాశాను. అందరూ నవ్వారు. నేను ఇంకా గట్టిగా వాదించాను. చివరికి ఒకాయన, "మేడమ్, నా దగ్గర అన్ని సంచికలూ ఉన్నాయి" అని ఆ ఆఖరి కాగితం ఫొటో పెట్టాడు. అందులో ఉక్కుడేగ నడుముకున్న మీట నొక్కుతాడు, రెక్క అతుక్కుంటుంది, ఎగిరిపోతాడు. అంతే. వెనకవైపు పళ్లపొడి ప్రకటన.

ఒళ్లు మండిపోయింది. వెంటనే గురుబారికి ఫోన్ చేశాను. వాళ్ల కాఫీతోట దిగువన సిగ్నల్ ఉండదు... గట్టెక్కి అదే తిరిగి చేసింది.

"అబద్ధాలకోరుదానా, నీ పళ్లెం ఎన్ని నెలలు తోమేనే" అని దులిపేశాను.

అది తీరిగ్గా నవ్వింది. "కాయితమేటి... ఆ వారం మాయమ్మ సంతకే రానేదు."

"మరెందుకు సెప్పేవే?"

"పెట్టె సర్దీసుకున్నావు కదే. నువ్వెల్లిపోతే నా పక్క సాప కాళీ అయిపోద్ది. నాకూ ఏడుపొచ్చీసింది. అందుకే పరీచ్చలయ్యేదాకా ఆ సేను పండనివ్వనేదు."

అదే మళ్లీ అందుకుని, "సినిమా వత్తే నన్నూ తీసికెల్లు. అందులో డేగ సేను కాత్తాడా?" అని అడిగింది.

"కాయడే."

"మరింకేటుంది సూడ్డానికి" అని ఫోన్ పెట్టేసింది.

నేను గ్రూపులోకి వెళ్లి మళ్లీ రాశాను... "నా కథే అసలుది. అది విని ఒక పిల్ల బడి మానలేదు. మీ మీట కథ ఎవర్ని ఆపిందో చెప్పండి."

ఇప్పుడు ఏ పుస్తకం ఆఖరి పేజీ అయినా ఫోన్లో క్షణంలో దొరుకుతోంది... ఒకరి పళ్లెం తోముతూ కథ కోసం ఆదివారం దాకా ఆగే పని లేదు. మీ చిన్నప్పుడు మీకోసం చేను పండనివ్వని గురుబారి ఎవరు? పేరు కింద రాయండి... రాసేముందు ఒకసారి ఫోన్ కూడా చేయండి.