రాకడ సినిమాకి తర్జుమా

మా వైపు సంఘాల్లో ఇంగ్లీషులో ప్రసంగించేవాళ్లు వస్తే, పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెబుతారు. దాన్ని తర్జుమా అంటారు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని కాబట్టి మా మందిరంలో ఆ పని చాలా ఏళ్లుగా నా నెత్తిన పడింది. ప్రసంగాలతో నాకు పేచీ లేదు. నాకు ఒళ్లు మండేది, ప్రభువు మళ్లీ వచ్చే రోజుని చూపించే రాకడ సినిమాలతోనే.

ఎక్కడిదో ఒక ఇంగ్లీషు సినిమాని ప్రొజెక్టర్ పెట్టి తెల్ల దుప్పటి మీద వేస్తారు. మైకు నా చేతికిచ్చి, "కానివ్వండమ్మా" అంటారు మా పాస్టరు అయ్యగారు. కథ అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే. ఉన్నట్టుండి విశ్వాసులంతా ఆకాశానికి ఎత్తబడతారు. బట్టలు కుర్చీల్లోనే ఉంటాయి, మనుషులు ఉండరు. మిగిలిపోయిన వాళ్లకి కరువు, యుద్ధం, చేతి మీదో నుదుటి మీదో సాతాను ముద్ర. మనుషులు మాయమయ్యే చోట మా ఆడవాళ్లు చీకట్లో పక్కకి తడుముకుని పిల్లలు ఉన్నారో లేదో చూసుకుంటారు. ముద్ర వేసే చోట వెనక నుంచి "వద్దురా, వేయించుకోకురా!" అని కేకలేస్తారు. ఒకసారి సినిమా చూసొచ్చిన ముసలమ్మలు రేషన్ షాపులో వేలిముద్ర వేయబోమని మొరాయిస్తే, నేనే వెళ్లి బతిమాలాల్సొచ్చింది. సినిమా అయ్యాక ఏడుస్తూ ముందుకొచ్చి బాప్తిస్మానికి పేర్లిచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇలా హడలగొట్టి దేవుడి దగ్గరికి తోలడం ఏమిటని అయ్యగారితో వాదించేదాన్ని. ఆయన నవ్వేసి, "భయంతో వచ్చినా వచ్చినట్టేనండీ" అనేవారు.

నాన్న పోయాక అది వట్టి వాదనగా మిగల్లేదు.

నాన్న సఖినేటిపల్లి రేవులో పంటు మీద పనిచేసేవారు. బతుకంతా జనాన్నీ బళ్లనీ నరసాపురం ఒడ్డుకి దాటించడం, మళ్లీ తీసుకురావడం. అమ్మ పుట్టుకతో విశ్వాసి. నాన్న కాదు. ఆదివారం అమ్మని బండి మీద మందిరం దగ్గర దింపి, ఆవిడ తిరిగొచ్చేసరికి కూర వండి ఉంచేవారు. బాప్తిస్మం మాటెత్తితే మాత్రం, "మా అమ్మ మొక్కిన తల్లిని నేను కాదనలేనే" అని తప్పించుకునేవారు. నిరుడు వానాకాలంలో గుండెపోటొచ్చి, బాప్తిస్మం లేకుండానే పోయారు.

అప్పట్నుంచీ అమ్మది ఒకటే ప్రశ్న. ఆయన్ని మళ్లీ చూస్తానా? అయ్యగారిని అడిగితే, "దేవుడి చిత్తమండీ" అని తల దించుకున్నారు. మా సంఘపెద్ద కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన్ని అడిగితే, "దేవుడి వాక్యంలో స్పష్టంగానే ఉంది కదమ్మా" అన్నారట. ఏముందో ఆయన విప్పి చెప్పలేదు, అమ్మ గుచ్చి అడగలేదు. ఆ రోజు నుంచి అమ్మ సగం అన్నంలో లేచిపోవడం మొదలుపెట్టింది. నన్నూ అడిగేది. "తప్పకుండా చూస్తావమ్మా" అంటే, "నీకేం తెలుసే" అని విసుక్కునేది. ఆ మాట మందిరంలోంచి రావాలి ఆవిడకి. కూతురి నోటి మాట చాలదు.

ఈ ఏడాది ఉపవాస కూటాల ఆఖరి సాయంత్రం, శనివారం నాడు, సినిమా వేస్తామన్నారు. ముందే నా ఫోనుకి పంపారు. వంట చేస్తూ చూస్తున్నాను. మధ్యలో ఒక చోటికొచ్చేసరికి పొయ్యి కట్టేసి కూర్చుండిపోయాను. అందులో తండ్రి పోయిన అమ్మాయి ఒకతె వాళ్ల పాస్టరును అడుగుతుంది. మా నాన్న మంచివాడు, ప్రభువును నమ్మలేదంతే, మళ్లీ చూస్తానా అని. ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎంతో మెత్తగా చెబుతాడు. మంచితనం చాలదమ్మా, నువ్వు ఆయన్ని ఇక చూడవు అని.

వెంటనే అయ్యగారికి ఫోను చేసి ఆ ముక్క తీసేయమన్నాను.

"అది తీసేస్తే కథ తెలవదు కదండీ. అయినా సినిమాయే కదండీ" అన్నారాయన.

"మీకు సినిమా అయ్యగారూ. మా అమ్మకి కాదు. మైకు ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఆయ్, అలాగే. సంఘపెద్దగారిని అడుగుతాను లెండి."

ఆ పేరు వినగానే నేనే చెబుతానన్నాను. అమ్మనైనా ఆపుదామని చూశాను. దోమలున్నాయి, తిరిగొచ్చేసరికి మంచు కురుస్తుంది, కింద కూర్చుంటే నడుం పట్టేస్తుంది అని నానా కబుర్లూ చెప్పాను. "ఎత్తబడ్డాక ఏం జరుగుద్దో నేను చూడాలే" అంది. అందరికంటే ముందెళ్లి, మొదటి చాప మీద, దుప్పటికి ఎదురుగా కూర్చుంది.

సినిమా మొదలైంది. ఏం చెప్పానో, ఎలా చెప్పానో తెలియదు. జనం మాయమయ్యారు, తల్లులు పిల్లల్ని తడుముకున్నారు. ఆ తర్వాత ఆ అమ్మాయి వచ్చింది.

"మా నాన్న మంచివాడండీ. నమ్మలేదంతే. ఆయన్ని మళ్లీ చూస్తానా?" అని నేను తెలుగులో అన్నాను. చాపల మీది ఆడవాళ్లు ముందుకు జరిగి కూర్చున్నారు. మా ఊళ్లో సగం ఇళ్లలో అలాంటి మనిషి ఒకరున్నారు. అమ్మ తెర మీద చూపు తీసి నా వైపు తిరిగింది. తెర మీద పాస్టరు చెప్పాల్సింది చెప్పేశాడు. నేను చెప్పలేదు. మైకు గుయ్యిమంటోంది.

"ఏమన్నాడండీ?" అని ఎవరో ఆడమనిషి అడిగింది.

"చూస్తావమ్మా" అన్నాను. "మంచివాళ్లని దేవుడు పారేయడు. తప్పకుండా చూస్తావు."

"స్తోత్రం!" అన్నారు నలుగురైదుగురు. కానీ తెర మీద ఆ పిల్ల గుండెలవిసేలా ఏడుస్తోంది. "మరెందుకండీ ఏడుస్తుంది?" అని మళ్లీ అదే ఆడమనిషి. "సంతోషం పట్టలేక" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

సంఘపెద్ద లేచారు. "ఆపండి" అన్నారు. అయ్యగారు ఆపేశారు. ఏడుస్తున్న ఆ మొహం దుప్పటి మీద అలాగే నిలిచిపోయింది. "అమ్మా, మీ తర్జుమా తప్పండి. ఆయన ఆ మాట అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

నాకు కోపం నషాళానికంటింది. మైకు ఆయన ముందుకు చాచాను. "మీరే చెప్పండి మాస్టారూ. ఇదిగో, మా అమ్మ ఇక్కడే ఉంది. ఆవిడ మొహం చూసి చెప్పండి."

ఆయన మైకు కోసం చెయ్యి చాపారు. అమ్మని చూశారు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. అందరూ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. అప్పుడు అమ్మ మోకాలి మీద చెయ్యేసుకుని మెల్లిగా లేచింది.

"కూర్చోండి మాస్టారూ. మా అమ్మాయి చెప్పింది విన్నానండి. నాకది చాలండి. అయ్యగారూ, సినిమా వెయ్యండి."

తక్కిన సినిమా తప్పు లేకుండా చెప్పాను, ఎవరు విన్నారో తెలియదు. ఇంటికొచ్చాక అమ్మ కంచం నిండా అన్నం పెట్టుకుని, మజ్జిగ దాకా తిని లేచింది. గెలిచాననుకున్నాను. దేవుడి మందిరంలో నిలబడి అబద్ధమాడానన్న బెంగ రవ్వంత కూడా లేకుండా హాయిగా నిద్రపోయాను.

పొద్దున్న లేచేసరికి అమ్మ వాకిట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. ఆదివారం. ఈపాటికి స్నానం చేసి, తెల్లచీర కట్టి, బైబిలు సంచీలో పెట్టుకుని నన్ను తొందరపెట్టాలి.

"మందిరానికి తయారవలేదేమమ్మా?" అన్నాను.

"ఇప్పుడు చెప్పు. సినిమాలో ఆ పాస్టరు ఏమన్నాడు?"

"నిన్న చెప్పాను కదా."

"ఆ పిల్ల ఏడుపు నేనూ చూసేనే. సంతోషానికి ఎవరూ అలా ఏడవరు. నలుగురిలో నీ పరువు పోకూడదని నిలబడ్డాను గానీ, నమ్మి కాదు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. ఆ రెండు వాక్యాలూ, అక్షరం పొల్లుపోకుండా. చెబుతూ నేనే ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. చేతిలో ఉన్న రొయ్య ఒలిచి గిన్నెలో వేసింది. మందిరం మైకులో పాట మొదలైంది. అది పూర్తయ్యేదాకా ఒలుస్తూనే ఉంది.

"అయితే మీ నాన్న లేని చోట నాకేం పనే?" అంది నెమ్మదిగా. "ఎత్తేటప్పుడు ప్రభువు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు కదా. నేను రానండీ అని చెప్తాను."

పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిలుపు కోసమే బతికిన మనిషి. ఏ రాకడ సినిమాకీ బెదరని దాన్ని, అప్పుడు బెదిరిపోయాను. గబగబా వెళ్లి, ఆ రొయ్యల చేతుల్ని పట్టేసుకున్నాను.

"అలా అనకమ్మా" అన్నాను. "దేవుడు వింటాడు."