సున్నా చుట్టిన కాగితాలు

టైపు మిషను మీద గుర్తుకు పేరు అక్కర్లేదు, చోటు తెలిస్తే చాలు. చేవెళ్ల బస్టాండు వెనక గదిలో ఇరవై ఏళ్లకు పైగా నేను నేర్పింది అదే. ఏ వేలు ఎక్కడికి వెళ్లాలో చెప్పేదాన్ని, కళ్లు కాగితం మీదనే ఉంచమనేదాన్ని. ఆశ్చర్యార్థకాన్ని ఏమంటారో తెలియని పిల్లవాడు కూడా దాన్ని తప్పు లేకుండా కొట్టి వెళ్లేవాడు. తరవాత నేర్చుకునేవాళ్లంతా కంప్యూటర్ కోర్సులని మెహదీపట్నం బస్సెక్కడం మొదలుపెట్టారు. మిషన్లు ఒక్కొక్కటే మూలకు చేరాయి. రెండు వేల రెండు ఎండాకాలంలో గది ఖాళీ చేసి, తాళంచెవి ఇంటి యజమాని చేతిలో పెట్టి వచ్చాను.

ఆ ఏడు వానలు పడ్డాక మొయినాబాద్‌లో, రోడ్డు మీదికే ఉన్న ఒక రెండంతస్తుల ఇంట్లో, కంప్యూటర్లతో ఆఫీసు తెరిచారు. జపాను భాషలో టైపు చేసే పని. వరి నాట్లు వేసే యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీ తన పాత పుస్తకాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలనుకుంది. మాకు వచ్చేవి విడిభాగాల పట్టికలు. వాటిలో ఒక రకం సులువు అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే ఉండేవి. భాష రానక్కర్లేదు, అక్షరాలు మేమే నేర్పిస్తాం, చేతివేగం ఉంటే రమ్మన్నారు. నాకు యాభై దాటింది. మా ఆయనకు పక్షవాతం వచ్చి ఏడాది తిరగలేదు. ఇంట్లో సంపాదించే చేతులు నావి మాత్రమే. వేగం చూపించాను, తీసుకున్నారు. మొదట పరీక్ష కాలం, అది దాటినవాళ్లకే ఉద్యోగం అన్నారు.

మాకు నేర్పడానికి నగరం నుంచి వారానికి రెండు రోజులు ఒకావిడ వచ్చేది. ఆమె భర్త ఉద్యోగం మీద జపానులో ఉన్నంత కాలం ఆమే అక్కడ కూరగాయల బేరాలు ఆడి, పిల్లను బడిలో వేసి, ఆ భాష పట్టుకుంది. అందరం మేడం అనేవాళ్లం. అక్షరాలు నాకు నెల రోజుల్లో వచ్చేశాయి. గుర్తుల దగ్గరే ఆగిపోయాను. కీబోర్డు మీద వాటికి చోటు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో దాని పేరు కొట్టి, పొడుగు మీట నొక్కితే గుర్తు వస్తుంది. పేరు తెలియకపోతే రాదు. ఇంటూ మార్కు చుట్టూ నాలుగు చుక్కలుండే ※ కావాలంటే ‘కొమె’ అని కొట్టాలి. కొమె అంటే బియ్యమట. బియ్యానికి వాళ్లు రాసే అక్షరం అచ్చం అలాగే ఉంటుందని మేడం బోర్డు మీద వేసి చూపించింది. అల లాంటి గీతకు ‘నామి’. అంటే అలే. పోస్టాఫీసు గుర్తు 〒కు ‘యూబిన్’, అంటే టపా. ముందరి అక్షరాన్నే మళ్లీ చదువు అని చెప్పే 々కు ‘ఒనాజి’, అంటే అదే.

పేరు పెట్టి పిలిస్తే వచ్చే గుర్తులంటే నాకు చాలా నచ్చింది. ఇంటికి వెళ్లి రొట్టెలు కాలుస్తూ కూడా పలుక్కునేదాన్ని. నా చేతులు అంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు, కానీ కొట్టిందాన్ని మళ్లీ చూసుకోవలసిన పని ఉండేది కాదు.

నా పక్క కుర్చీ ముడిమ్యాల అమ్మాయిది. డిగ్రీ అయిపోయి, వాళ్ల బాపు టమాటలు వేసుకుని మార్కెట్టుకు వచ్చే ఆటోలో డబ్బాల మధ్య కూర్చుని తెల్లారేసరికి చేవెళ్ల చేరేది. అక్కడి నుంచి ఇద్దరం ఒకే బస్సు. ఆమె అక్క నా దగ్గర టైపు నేర్చుకుంది కాబట్టి నన్ను టీచరమ్మ అనేది. మా అందరిలోకి చేతివేగం ఆమెదే. గుర్తుల పేర్లు మాత్రం తలకెక్కించుకోలేదు. కొమెను నాలుగు గింజలనేది. యూబిన్‌కు రెండు కప్పుల గుడిసె, ఒనాజికి వంకర కొడవలి. నీ పేర్లు కంప్యూటర్‌కు వినపడవమ్మా అని మేడం నవ్వేది. దానికి ఆమెకో దగ్గరిదారి ఉంది. ‘కిగో’ అని కొడితే, అంటే గుర్తు అని, గుర్తులన్నీ ఒక వరసలో వచ్చి నిలబడతాయి. కంటితో చూసి ఏరుకోవడమే. ఆమె కళ్లు అంత చురుకు. నేను పేరు గుర్తు చేసుకునే లోపల ఆమె ఏరేసి తరవాతి వరసకు వెళ్లిపోయేది.

పరీక్ష కాలం చివర ప్రతి ఒక్కరం కొన్ని పేజీలు చేసి జపానుకు పంపించాం. అవి ఒక శుక్రవారం దిద్దుబాటుతో ఫ్యాక్సులో తిరిగొచ్చాయి. మేడం అప్పటికి తమ్ముడి పెళ్లికి విశాఖపట్నం వెళ్లి ఉంది, రెండు వారాల దాకా రాదు. పై కాగితం మీద జపానులో రాసి ఉన్న మాటలు చదివేవాళ్లెవరూ లేరు. కానీ చదవాల్సిందేముంది? ప్రతి వరసకూ చివర మార్కు వేసి ఉంది. ఆ అమ్మాయి కాగితాల నిండా టిక్కులు. నా కాగితాల నిండా సున్నాలు. మిగిలినవాళ్లకు అవీ ఇవీ కలిసి.

మన బళ్లలో తప్పు మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుడతారు, ఒప్పుకు టిక్కు పెడతారు. ఆ గదిలో అందరం ఆ బళ్లలో చదివినవాళ్లమే. ఆఫీసు చూసుకునే సారు నగరం అబ్బాయి, ముప్పై ఏళ్లుంటాయి, మర్యాద తెలిసినవాడు. శనివారం పొద్దున నన్ను పిలిచి, కుర్చీ వేయించి, ఓనరుకు చెప్పక తప్పలేదమ్మా, నెలాఖరు దాకా రండి, ఆ పైన అక్కర్లేదు అన్నాడు. ఆ అమ్మాయిని లీడరు చేస్తున్నామని బయటికొచ్చి అందరి ముందూ చెప్పాడు. సున్నాలు పడ్డ వరసలు అందరూ మళ్లీ చేయాలి, సోమవారం సాయంత్రానికి తిరిగి పంపాలి, దాన్ని బట్టే పని మనకిస్తారో లేదో తేలుతుందన్నాడు.

ఆ రోజంతా నా కాగితాలు ముందు పెట్టుకుని తప్పు కోసం వెతికాను. దొరకలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. అక్షరాన్ని సాగదీసే అడ్డగీతకు ఒక పేరు, మాటకూ మాటకూ మధ్య వచ్చే గీతకు ఒక పేరు, తీసివేత గుర్తుకు ఒక పేరు, వాళ్ల ఒకటి అంకె కూడా ఒట్టి అడ్డగీతే, దానికో పేరు. కంటికి నాలుగూ ఒకటే. దేని పేరుతో దాన్ని పిలిచి తెచ్చాను. అయినా తప్పన్నారంటే పేర్లు విన్న నా చెవికే ఏదో లోపం ఉండి ఉంటుందని, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకుంటూ పోయాను. సాయంత్రానికి నా పేజీలు నాకే పరాయివిగా కనిపించాయి. ఇంటికి వెళ్లి మా ఆయనకు ఏమీ చెప్పలేదు. ఆయన మాత్రం ఇవ్వాళ కొమె లేదా, యూబిన్ లేదా అని నత్తి మాటల్లోనే అడిగాడు.

సోమవారం బస్సులో ఆ అమ్మాయి నా పక్కన కూర్చుంది. కండక్టర్ టికెట్టు కొట్టి వెళ్లాక నా వైపు తిరిగింది.

“టీచరమ్మా, మీకొక మాట చెప్పాలె. చెప్తే నా పని ఖతం. చెప్పకుంటే మీ పని ఖతం.”

జీతం సంగతేమో అనుకున్నాను. లీడరయినవ్ గద బిడ్డా, ఇంకేం ఫికర్ అన్నాను.

“గదే చెప్తున్న. లీడరయిన గదా, ఒక్క పేరన్న రాకుంటే ఇజ్జత్ పోతదని నిన్న చేవెళ్ల బూత్‌ల నుంచి మేడం సెల్లుకు ఫోన్ చేసిన. మూడు మూలల గుర్తుకు పేరేంది మేడం అంటే సంకకు అన్నది. అది ఒక్కటి కాదు, మరు, సంకకు, బత్సు అని మూడు ఒక్కతాన నేర్చుకో అన్నది. సున్నా అంటే మరు, అది కరెక్టట. మూడు మూలలది నడిమి రకమట. ఇంటూ అంటే తప్పట.”

“మరి టిక్కు?”

“టిక్కు పెట్టిండ్రంటే ఈడ తప్పున్నది సూస్కో అన్నట్టట. మేడం బిడ్డ ఆడ బడికి పోయినప్పుడు పేపర్ నిండ సున్నాలు తెచ్చిందట. మేడం కొట్టనింకె పోయిందట. పిల్ల ఏడ్సుకుంట, అమ్మా నాకే ఫస్టొచ్చింది అన్నదట.” అక్కడ ఆమెకే నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. “మీ కాగితం నిండ సున్నాలే గద టీచరమ్మా. మీరు పాసు. నావన్ని టిక్కులు.”

బస్సు మొయినాబాద్ వైపు పోతూనే ఉంది. నాకు సంతోషం కలగడానికి చాలాసేపు పట్టింది. ముందు కలిగింది ఆశ్చర్యం. ఈ సంగతి తెలిసింది ఆమె ఒక్కతెకే. మేడం రావడానికి ఇంకా వారం పైన ఉంది. ఈలోగా నేను వెళ్లిపోయేదాన్ని, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నాకెందుకు చెప్పినవ్ అని అడిగాను.

“చెప్పకుంటే ఏమైతది? సాయంత్రం సార్ గా చెడగొట్టిన కాగితాలు పంపుతడు, జపానోళ్లు పని ఇయ్యరు, ఆఫీసు మూస్తరు. మా బాపుకైతే ఖుషీనే, టమాట డబ్బాలు ఎత్తనింకె ఒక మనిషి దొరికినట్టు.” తరవాత గొంతు తగ్గించి అంది. “అదొక్కటే గాదు. శనివారం మీరు ఒప్పును తప్పు చేసుకుంట కూసున్నరు గద. నేను పక్కకెల్లి సూస్తనే ఉన్న. ఫోన్ పెట్టేసినంక గదే యాదికొచ్చింది. రాత్రి బువ్వ గూడ తిన్లే.”

ఆఫీసులో ఆమే ముందు వెళ్లి సారుకు చెప్పింది. నేను వెనక నిలబడ్డాను. ఆయన నమ్మలేదు, మేడంకు తానే ఫోను చేశాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చెవులు ఎర్రబడుతూ వచ్చాయి. ఫోను పెట్టి, లేచి, నా ముందుకు వచ్చి సారీ చెప్పాడు. అంత చిన్న వయసులో, తన కింద పనిచేసే ఆడమనిషికి పదిమందిలో అలా చెప్పడం నేను అంతకుముందు చూడలేదు. ఆయనకు కూడా నేను రుణపడి ఉన్నాను. మేము శనివారం చెడగొట్టిన పేజీలన్నీ వెంటనే పక్కన పెట్టించి, పాతవి బయటికి తీయించి, టిక్కులు పడ్డ వరసలే దిద్దుకోమన్నాడు.

ఇక ఆ అమ్మాయి పేజీలు. సాయంత్రం లోపల మళ్లీ చేయాలి. కుర్చీ జరుపుకుని నేను ఆమె పక్కకు వెళ్లాను. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో గుర్తు పేరు నేను పలికాను, ఆమె కొట్టింది. ఆమె కళ్లకు ఒకేలా కనిపించిన గీతలు పేరుతో పిలిస్తే వేరువేరు మనుషుల్లా వచ్చి కూర్చున్నాయి. ఒక వరసలో ఆమె చేయి అలవాటుగా కిగో వైపు పోతే చిన్న దెబ్బ వేశాను. టైపు గదిలో వాళ్లక్కకు వేసినట్టే. మధ్యాహ్నం అన్నాలు కూడా కంప్యూటర్ ముందే. ఆమె డబ్బాలోని టమాట పచ్చడి ఇద్దరం పంచుకున్నాం. నా మెదడు, ఆమె వేళ్లు. అలా కలిస్తే ఎంత త్వరగా అవుతుందో ఆ రోజు చూశాను. దీపాలు పెట్టే వేళకు చివరి పేజీ ఫ్యాక్సు మిషన్లోకి వెళ్లింది.

జవాబు బుధవారం వచ్చింది. కాదు, గురువారం. ఆ రోజు కరెంటు పోయి ఫ్యాక్సు ఆలస్యంగా దిగింది. సారు ఆమె కాగితాలు ఆమె చేతిలోనే పెట్టాడు. పేజీ నిండా సున్నాలు. అంతా తెలిసి కూడా, చూసిన ఆ ఒక్క క్షణం ఆమె మొహం మాడిపోయింది. చిన్నప్పటి నుంచి పడ్డ భయం అంత తొందరగా పోదు కదా. తరవాత కాగితాన్ని గుండెకు ఆనించుకుని, మరు, మరు, మరు అంటూ గది అంతా తిరిగింది. పని మాకే ఇచ్చారు. పరీక్ష కాలంలో ఉన్నవాళ్లందరినీ ఉంచుకున్నారు. లీడరు మాట ఆ ఏడు ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు ఆమెనే చేశారు. అప్పటికి గుర్తుల పేర్లు నాకంటే ఎక్కువ ఆమెకే తెలుసు.

నా చూపు మందగించేదాకా అక్కడే చేశాను. మా ఆయన మందులకు, మాకు మూడు పూటలా తిండికి, పైకప్పు బాగుచేసుకోవడానికి ఆ ఆఫీసు జీతమే ఆధారం. ఆ లెక్కలన్నీ నా దగ్గర ఉన్నాయి కానీ, వాటి మొదట్లో ఉన్నది చేవెళ్ల బస్సులో ఒక అమ్మాయి చెప్పిన ఒక్క మాట. దాన్ని ఏ లెక్కలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో గోడ మీది క్యాలెండరులో పాలు మంచివి వచ్చిన రోజు నేను తేదీ చుట్టూ సున్నా చుడతాను. నీళ్లు కలిసిన రోజు టిక్కు. నెలాఖరున డబ్బులకు వచ్చిన పాలాయన క్యాలెండరు చూసి ప్రతిసారీ గాభరా పడతాడు.

“గిన్ని దినాలు పాలు రాలేదని రాసిండ్రేందమ్మా?”

అవి బాగున్న రోజులయ్యా అని చెబుతాను. ఆయన నమ్మడు. ముడిమ్యాల అమ్మాయికి ఈ సంగతి ఫోనులో చెబితే, ఆ క్యాలెండరు తీసేయొద్దు టీచరమ్మా, నేనొచ్చి చూస్తా అంది. పోయిన ఆదివారం వచ్చింది కూడా. తన పిల్లలిద్దరినీ గోడ ముందు నిలబెట్టి, సున్నాల మీద వేలు పెట్టి చూపిస్తూ, ఇదేంది చెప్పుండ్రి అని అడిగింది. పిల్లలు సున్నా అన్నారు. ఆమె నా వైపు చూసింది. ఇద్దరం ఒకేసారి పేరు చెప్పాం.