గుండ్రాన్ని ఆపిన పాపం

బాగా నడిచే వ్యాపారం మునగాలంటే కరువో వరదో రావాలని మీరనుకుంటూ ఉంటారు. అక్కర్లేదు. బీటెక్ చదివి, ప్రతిదానికీ పట్టిక గీసే కొడుకు ఒక్కడుంటే చాలు. ఎలాగో వరసగా చెబుతాను. వరస తప్పితే నాకు అన్నం సహించదు.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గాల మీద చీరలు నేయించి టోకున అమ్ముతాడు. వాటి ఫొటోలు ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటిలో, పెన్‌డ్రైవుల్లో, ప్రాణం పోయిన ఒక లాప్‌టాప్‌లో చెల్లాచెదురుగా ఉండేవి. ఎవరైనా పాత డిజైను అడిగితే ఇంటిల్లిపాదీ తప్పిపోయిన మేకపిల్ల కోసం వెతికినట్టు వెతికేవాళ్ళం. అన్నీ ఒకేచోట దాచే చిన్న సర్వర్ నేనే తయారుచేస్తానన్నాను. రాత్రింబవళ్ళు నడిచే యంత్రం కనుక కరెంటు అతి తక్కువ తినాలి. అదొక్కటే నా షరతు. అక్కడే నాకు పిచ్చి పట్టింది.

ముందు పాత కంప్యూటరుకు వాట్లు కొలిచే మీటరు తగిలించాను. పెళ్ళింటికి అందరికంటే ముందొచ్చిన చుట్టంలాగా, అది ఏ పనీ చెయ్యకుండా కూర్చుని సీలింగు ఫ్యానంత తింటోంది. దాన్ని పట్టికలోంచి కొట్టేశాను. అరచేతిలో పట్టే బోర్డొకటి, లాప్‌టాపుల్లో వాడే చిన్న హార్డ్‌డిస్కొకటి తెచ్చాను. రెండూ కలిసినా జీరో బల్బుకంటే తక్కువే. తృప్తి కలిగిందా? లేదు. నిమిషంపాటు ఎవరూ ముట్టకపోతే డిస్కు తిరగడం మాని నిద్రపోయేలా పెట్టాను. ఇంకో వాటు మిగిలింది. మీటరు ముందు కూర్చుని నాలో నేను నవ్వుకుంటుంటే అమ్మ వచ్చి, "ఏమిరా, ఆ పెట్టెలోంచి ఎవురన్నా పలకరిస్తాండారా?" అని అడిగిపోయింది.

చిక్కేమిటంటే, నిద్రపోయిన డిస్కు లేచి తిరగడం అందుకోడానికి పది సెకన్లు పడుతుంది. అంతసేపూ, బేరగాళ్ళకు చీరలు చూపించడానికి సర్వర్‌కు తగిలించిన టీవీ తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూ ఉంటుంది. పది సెకన్లేగా అనకండి. ఎదురుగా బేరగాడు కూర్చున్నప్పుడు అది మే నెల ఎండలో కడప బస్సు కోసం నిలబడ్డంత.

మా బేరగాడు కూడా కడపవాడే, సుబ్బరాయ సెట్టి. మా సరుకులో సగం ఆయనే కొంటాడు. ఆయనిచ్చే ధర బాగుంటేనే మా మగ్గాలు ఆడతాయి. నాయనకేమో ఒక్కటే జబ్బు, మొహమాటం. ఎదుటివాడి మొహం మీద కాదనలేడు. సెట్టి ఎంతంటే అంతకు తలూపి, లోపలికొచ్చి అమ్మచేత చీవాట్లు తినేవాడు.

సర్వర్ పెట్టాక సెట్టి మొదటిసారి వచ్చాడు. ధర చెప్పాడు. ఏమనాలో తోచక నాయన రిమోట్ తీసుకుని తెర మీద ఒక చీరను నొక్కాడు. గుండ్రం మొదలైంది. నాయన గుండ్రాన్ని చూస్తున్నాడు, సెట్టి నాయన్ని చూస్తున్నాడు, నేను నేల ఎక్కడ చీలుతుందా అని చూస్తున్నాను. సెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు, దగ్గాడు, నీళ్ళు తాగాడు, ఏదో గొణిగాడు. అప్పటికి చీర కనబడింది. వాళ్ళు మాట్లాడుకునేలోగా డిస్కు మళ్ళీ నిద్రపోయింది. బేరం ముగిసేదాకా ఇదే తంతు.

సెట్టి వెళ్ళాక, ఎలా ఉందని భయపడుతూ అడిగాను. "శానా బాగుండాది," అన్నాడు నాయన. పరువు పోయిన మనిషి ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

అవమానం తట్టుకోలేక ఇంకో పట్టిక గీశాను. లోపల తిరిగే పళ్ళెమే లేని కొత్తరకం డిస్కులున్నాయి. కరెంటు ఇంకా తక్కువ, చప్పుడు లేదు, నిద్రపుచ్చే పనీ లేదు. నాయన్ని ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పకుండా మార్చేశాను.

ఆశ్చర్యపడ్డాడు. తర్వాతి బేరంలో సెట్టి ధర చెప్పగానే నాయన ధీమాగా చీరను నొక్కాడు. వేలు ఎత్తకముందే చీర ప్రత్యక్షం. ఉలిక్కిపడి ఇంకోటి నొక్కాడు. అదీ ప్రత్యక్షం. వానలో చూరు వెతుక్కునేవాడిలా వరసబెట్టి నొక్కుతూ పోయాడు. సెట్టి తీరిగ్గా, "ఏమంటావప్పా మరి?" అన్నాడు. నాయన చెమట తుడుచుకుని, "సరేలే సెట్టీ, నీ ఇష్టం," అనేశాడు.

సెట్టి వీధి మలుపు తిరిగాక నాయన నావైపు తిరిగాడు.

"ఏమిరా, ఆ గుండ్రం యాడికి పాయ?"

"తీసేసినా నాయనా. ఇంగ జన్మలో రాదు," అన్నాను గర్వంగా.

"అది తిరుగుతాండేంతసేపూ నేను నోరు మూసుకొని ఉంటి. నాకు ఇష్టంలేదేమో అనుకోని సెట్టే ధర పెంచుకుంటా వచ్చె. ఇన్నేండ్లకు నాకొక తోడు దొరికిందనుకుంటే, దాన్ని సంపేస్తివి గదరా."

ఆలస్యం అమృతం విషం అన్న పెద్దలెవరూ టోకు వ్యాపారం చేసినట్టు లేరు. మా ఇంట్లో ఆలస్యమే అమృతం. అందులో విషం కలిపింది నేను.

మర్నాడే పాత డిస్కు తిరిగి పెట్టాను. ఇంకొంచెం నిదానంగా లేస్తుందేమో చూడమన్నాడు నాయన. ఇంజనీరుకు ఇంతకంటే అవమానం ఉండదు, అయినా చూశాను. సెట్టి మళ్ళీ వచ్చాడు, గుండ్రం తిరిగింది, ధర పెరిగింది. వెళ్ళేటప్పుడు సెట్టి నన్ను గుమ్మం పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మా అంగడికీ ఇట్లాటిదొకటి చేసియ్యప్పా. మొన్న మార్చినావే, అది కాదు. గుండ్రం తిరిగేదే కావాల. బేరమాడే ఆడోళ్ళ ముందర నేనూ మీ నాయన మాదిరే. నా మీదే పనిచేసిందంటే ఎవురి మీదైనా పనిచేస్తాది."

కాబట్టి అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఏ యంత్రం జాప్యం మీద ఎవరు బతుకుతున్నారో విచారించకుండా ఇకమీదట దేన్నీ బాగుచెయ్యను. సెట్టికి చేసిచ్చిన పెట్టె మాత్రం మాదానికంటే రెండు సెకన్లు ముందే మేలుకుంటుంది. అది పొరపాటు కాదు, పితృభక్తి.