కిష్టప్ప మామ జపాను మంద

మా మామ కిష్టప్పకు ఒకే ఒక్క పట్టు ఉంది. పొద్దు గూకే వేళకు మందను దొడ్లోకి తోలందే ఉన్నచోటు నుంచి కదలడు. పెళ్లి ఆగనీ, బస్సు ఆగనీ, ఆకాశం విరిగి నెత్తిన పడనీ, ముందు గొర్రెలు లోపలికి పోవాలి. కాపరికి ఆ మాత్రం పట్టు ఉండొద్దా అంటారేమో. ఉండాలి, కాదనను. కాని ఆ గొర్రెలు ఉండేది అరచేతి కంటే కాస్త పెద్దదైన ఒక వీడియో గేమ్ మిషన్లో. ఆ మిషను జపాను వాళ్లది. అందులో రాసినదంతా జపాను రాతే. మామకు తెలుగు అక్షరాలే రావు.

ఈ సంగతి మొదటిసారి విన్నవాళ్లు నోరు తెరుస్తారు. ఆయన ఉంటున్న ఇంటికి యజమానినైన నేను తెరిచిన నోరు ఇంకా మూయలేదు.

మామది కుల్కచర్ల పక్క పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెలే. మోకాళ్లు మొరాయించేసరికి మంద అమ్మేసి, కూతురు, అంటే మా ఆవిడ మల్లిక, పోరు పడలేక వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. వచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ గోడ మీద ఏముందో నేనూ వెళ్లి చూశాను. ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి సింధుజకు తాండూరులో ఒక హాస్టలు బడిలో సీటు వచ్చింది. తాతను విడిచిపోనని అది ఒకటే ఏడుపు. చివరికి పెట్టె సర్దుకున్న రోజు, మా తమ్ముడు హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చిన ఆ మిషను తెచ్చి తాత చేతిలో పెట్టింది.

"తాతా, హాస్టల్ల దీన్ని తేనియ్యరట. నా గొర్లను నువ్వు చూస్కుంటవా?"

మామ మిషనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాలుకిస్తున్నవా?"

పాలుకివ్వడమంటే మా వాళ్లలో పాత ఒప్పందం. ఒకరి గొర్రెలను ఇంకొకరు మేపుతారు, పుట్టిన పిల్లల్ని చెరి సగం పంచుకుంటారు.

"ఆ, పాలుకే."

"అయితే సరే. పాలుకు తెచ్చిన జీవానికి ఏమన్న అయితే కాపరి ఇజ్జత్ పోయినట్టే."

సింధుజ ఆయనకు అన్నీ నేర్పింది. మనకు పొద్దు గూకితే మిషన్లోనూ గూకుతుంది. ప్రతి గొర్రె నెత్తి మీదా చిన్న చిన్న ఎర్ర గుండెలుంటాయి. బాగా చూసుకుంటే నిండుతాయి, రాత్రి బయట వదిలేస్తే ఖాళీ అవుతాయి.

"కలిసే ఆదివారం నాడు మిషను పట్టుకరా తాతా. గుండెలు నిండుగుంటే నువ్వు మంచిగున్నట్టు. ఖాళీగుంటే పెట్టె సర్దుకొని నీ దగ్గరికే వచ్చేస్త, చెప్తున్న!"

నేనూ మల్లికా నవ్వాం. మామ నవ్వలేదు.

ఇక మొదలైంది మా బతుకు. ఒకరోజు కుల్కచర్ల నుంచి బస్సులో వస్తున్నాం. మామ ఒక్కసారిగా లేచి "కుక్క! కుక్క!" అని అరిచాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక సీటులో ఉన్న జొన్నల మూట ముందు సీటులోకి వచ్చింది. కండక్టరు కిందికి దిగి, వంగి, బస్సు కింద వెతికాడు.

"కుక్క ఏది పెద్దమనిషీ?"

"గిండ్లున్నది చూడు" అని మామ మిషను చూపించాడు.

కండక్టరు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ మిషను చూశాడు. తిడతాడని నేను తల వంచుకున్నాను. "మరి ఎల్లగొట్టినవా?" అన్నాడు.

"కొట్టిన. పోయింది."

"అయితే రైట్, రైట్!" అన్నాడు కండక్టరు. ఆ రోజు నుంచి మనుషుల మీద నాకు ఉన్న అంచనాలన్నీ మారిపోయాయి.

పెద్దేముల్‌లో మా వాళ్ల పెళ్లి ఇంకో ముచ్చట. సాయంత్రం ముహూర్తం. అక్షింతలు వేయడానికి పెద్దమనిషిగా మామను ముందుకు పిలిచారు. మామ పందిరి గుంజ దగ్గరే నిలబడి, "జర ఆగుండ్రి, నల్లది బయటనే ఉన్నది" అన్నాడు. పెళ్లికూతురు తండ్రి హనుమంతు మర్యాదస్తుడు. మామ గొర్రె తప్పిపోయిందనుకొని కర్ర పట్టుకొని పరుగెత్తాడు. వెనకే మగపెళ్లివాళ్లు, ఆ వెనక బ్యాండువాళ్లు. మామ మాత్రం గుంజకు ఆనుకొని మీటలు నొక్కుతూనే ఉన్నాడు. అసలు విషయం చెబుదామని నేను నోరు తెరిచేలోపే హనుమంతు ఎవరిదో నల్ల మేకను చెవి పట్టుకొని లాక్కొచ్చాడు.

"గిదేనా మామా?"

"అది మేక గద" అన్నాడు మామ తలెత్తకుండా. "నాది గొర్రె. వచ్చిందిలే. ఇగ అక్షింతలు తేండ్రి."

ఆ మేక ఎవరిదో తేలేదాకా మాకెవరికీ భోజనాలు పెట్టలేదు.

ఇవి చాలవన్నట్టు జపాను దేశం మీద మామకు ఒక ఫిర్యాదు ఉండేది. నేను ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను కాబట్టి అది నాకే చెప్పేవాడు. "అల్లుడా, గీ జపానోళ్లకు చేన్ల మంద పెట్టుడు తెల్వదా ఏంది? గొర్లు రాత్రి చేన్ల పండుకోవాలె, ఎరువు పడాలె, పంట రావాలె. వీండ్లేమో దొడ్లనే కట్టేస్తున్నరు. ఆడ నీకెవలన్న తెలిసినోళ్లున్నరా? ఒక మాట చెప్పరాదు."

"జపాన్ల నాకెవలు తెలుసు మామా?"

"మరి ఏం పాఠం చెప్తవు నువ్వు పిల్లలకు?" అని ఆశ్చర్యపోయాడు.

ఇట్లా ఏడాది గడిచింది. కలిసే ఆదివారం వచ్చినప్పుడల్లా మామ రైలెక్కి తాండూరు వెళ్లేవాడు. సింధుజ నిండు గుండెలు చూసుకొని నవ్వుతూ బడిలోకి తిరిగి వెళ్లేది. ఈయనకు మాత్రం కళ్ల వెంట ఒకటే నీళ్లు. చూపిస్తే, రెండు కళ్లలోనూ పొర వచ్చింది, వెంటనే ఆపరేషన్ చేయాలంది డాక్టరమ్మ. "అయినంక కొన్నాళ్లు గీ మిషను ముట్టొద్దు తాతా" అని మామ చేతిలోది చూపించింది.

మామ లేచి నిలబడ్డాడు. "అయితే ఆపరేషన్ వద్దు."

నాకు ఒళ్లు మండింది. "మామా, ఆట కోసం కండ్లు పోగొట్టుకుంటవా? గంత పానమా నీకు దీని మీద?"

"పానమా?" మామ నా వైపు తిరిగాడు. "దీని మొఖం మీద మన్నువొయ్య! గీ డబ్బా నాకు ఒక్క దినం గూడ నచ్చలే. ఆ టింగుటింగు పాటకు తల తిరుగుతది. గొర్రె అంటే వాసన రావాలె అల్లుడా. దీన్ల ఏం వాసన వస్తది?"

మల్లిక అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"మరి ఏడాది సంది..." అన్నాను నేను.

"గుండెలు ఖాళీగైతే పెట్టె సర్దుకొని వస్త అన్నది గద పిల్ల! మీరు ఇన్లేదా? సదువు ఇడిశిపెట్టి వచ్చి ఏం జేస్తది? నా తీర్గ మోకాళ్లు అరిగెదాంక తిరుగుతదా?"

మేము నవ్వి మరిచిపోయిన మాటను ఆయన ఏడాదిగా మోస్తున్నాడు. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. మల్లిక కళ్లు తుడుచుకొని లేచి, మిషను లాక్కుంది. "నాయినా, నువ్వు పోయి పండుకో. గొర్లను నేను తోల్త."

ఆపరేషన్ అయింది. మామ కళ్లకు నల్లద్దాలు పెట్టుకొని మంచం మీద పడుకొని, చప్పుడు విని హుకుం జారీ చేసేవాడు. "బిడ్డా, ఒకటి ఎడమకు మళ్లింది. ఉరుకు!" మల్లిక ఉరికేది, పప్పు మాడేది. ఆమెకు తీరిక లేనప్పుడు మిషను నాకు అప్పజెప్పేది. బడిలో మీటింగు జరుగుతుండగా నా జేబులో గొర్రె అరిచింది. మా హెడ్మాస్టరు ఆ రోజు నుంచి నాతో చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు.

ఆదివారం ముగ్గురం తాండూరు వెళ్లాం. సింధుజ మిషను తెరిచింది. గుండెలు నిండుగా ఉన్నాయి. నాకు ఊపిరి వచ్చింది. అంతలో దాని కనుబొమలు ముడిపడ్డాయి.

"తాతా, పెద్ద పొటేలు ఏమాయె?"

"ఊకె కొట్లాడుతుంటే అమ్మిన" అంది మల్లిక, ఆలోచించకుండా.

సింధుజ తాత నల్లద్దాలు ఎత్తి చూసింది. పొటేలును అమ్మింది తాత కాదని దానికి అర్థమైంది. "కండ్లకు ఆపరేషన్ అయితే నాకెందుకు చెప్పలే? నేను ఇంటికొస్తున్న. పెట్టె తెచ్చుకుంట."

మామ దాని చెయ్యి పట్టుకున్నాడు. దాచినదంతా కక్కేశాడు, టింగుటింగు పాటతో సహా. వింటున్న కొద్దీ సింధుజ కళ్లు పెద్దవయ్యాయి.

"నీకు నచ్చలేదా? తాతా, నాకే అప్పటికి గీ ఆట బోరు కొట్టింది! నువ్వు గోడ చూసుకుంట కూసుంటవని ఇచ్చిన."

తాతా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మొహం ఎవరూ చూడలేదు, చూస్తే జాలిపడేవారు.

"మరి గుండెల లెక్క ఎందుకు బిడ్డా?"

"ఫోన్ల అడిగితే 'ఆ, మంచిగున్న' అని పెట్టేస్తవు. నువ్వెట్లున్నవో నాకెట్ల తెలవాలె?"

"మనిషి కనబడకుంటే ఏం మాట్లాడుతరు?"

"నీ అసలు గొర్ల ముచ్చట చెప్పు. అనంతగిరి గుట్టల పొంటి మేపినయి. నువ్వు చెప్తే నేను ఈడనే ఉండి సదువుకుంట."

మామ నల్లద్దాలు సరిచేసుకొని, "చెప్తతీయ్" అన్నాడు. సింధుజ వెనక్కి తిరిగి చూడకుండా బడిలోకి నడిచింది.

మిషను ఇప్పుడు మల్లిక దగ్గరే ఉంది. ఎందుకని అడిగితే, "పాపం, నోరులేని జీవాలు" అంటుంది. నేను మళ్లీ అడగలేదు.

మొన్న ఆదివారం మామ వాకిట్లో నిలబడి, గుట్ట అవతలి మనిషిని పిలిచినట్టు అరుస్తూ సింధుజతో ఫోన్లో మాట్లాడాడు. చాయ్ వచ్చేసరికి "ఇగ పెడ్తున్న" అని పెట్టేశాడు. కాసేపటికి నా ఫోను మోగింది. హాస్టలు వార్డెనమ్మ. పిల్ల ఏం చేసిందోనని భయపడుతూ ఎత్తాను.

"సార్, మీ మామగారికి ఒకసారి ఫోను ఇస్తారా? ఆయన చెప్తుంటే పిల్లలందరూ వింటరని స్పీకర్ పెట్టినం. వాగుల కొట్టుకపోయిన గొర్రె బతికిందా లేదా చెప్పకుండనే పెట్టేసిండు. ఒక్క పిల్ల కూడ అన్నానికి లేస్తలేదు." గొంతు తగ్గించి, "నేను గూడ తినలే సార్" అంది.

నేను తెరిచిన నోటితోనే ఫోను మామకు అందించాను. మామ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, గొంతు సవరించుకొని, ఆ రోజు వాన ఎట్లా మొదలైందో మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.