నీళ్లు దేంతోటి కాగుతయి?

2022 చలికాలం. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ హైవే మీద కాస్త ముందుకు వెళ్తే మా ప్రైవేటు యూనివర్సిటీ వస్తుంది. అందులో నేను రీసెర్చ్ సెల్ కోఆర్డినేటర్‌ని. అదేం ఉద్యోగమని మా వనస్థలిపురం కాలనీలో ఎవరైనా అడిగితే చెప్పలేక తల ప్రాణం తోకకొస్తుంది. క్లాసులు చెప్పను, ల్యాబ్‌లో ఉండను. ఏ లెక్చరర్ ఏ పరిశోధన చేస్తున్నారో కనుక్కోవడం, వాళ్ల పేపర్లు జర్నల్‌కి వెళ్లేదాకా వెంటపడటం, ఆ పని గురించి పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లకి చెప్పించడం, ఇదీ నా పని. వీటిలో చివరిది అన్నిటికంటే కష్టం.

మా దగ్గర ప్రమోషన్‌కి పాయింట్లుంటాయి. పేపర్ మీద మొదటి పేరు మనదైతే ఎక్కువ, తర్వాతి పేరైతే తక్కువ. పక్క డిపార్ట్‌మెంట్ మనిషితో కలిసి పనిచేస్తే ఆ మొదటి పేరు ఎవరిదనేది పెద్ద తగువు. అందుకని ఎవరి డేటా వాళ్లు కొంగున ముడేసుకుని కూర్చుంటారు. మధ్యలో ఒక్క గోడే అడ్డమున్నా, అవతల ఏం జరుగుతోందో ఏళ్ల తరబడి ఇవతలివాళ్లకి తెలియదు.

చూసి చూసి విసుగొచ్చి, నెలకో శనివారం మధ్యాహ్నం ఒక సభ మొదలుపెట్టాను. సర్క్యులర్‌లో దాని పేరు ఇంటర్ డిసిప్లినరీ ఫోరం. నోటిమాటగా మేమంతా ఇరుగుపొరుగు అనేవాళ్లం. ఒకరు తమ పరిశోధన గురించి అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి. ప్రశ్నలు మాత్రం వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లే అడగాలి, సొంతవాళ్లు టీ వచ్చేదాకా నోరు మెదపకూడదు. సొంతవాళ్లు తెలుసుకోవడానికి అడగరు, ఇరికించడానికి అడుగుతారు. అది నేను చాలాసార్లు కళ్లారా చూశాను.

ఆ డిసెంబర్ శనివారం సైకాలజీ లెక్చరర్ పద్మజ వంతు. మా కోస్తా వైపు అమ్మాయే, మాటా పనీ రెండూ గట్టివి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకి కోచింగ్ తీసుకునే ఆడపిల్లల్లో ఆందోళన ఎలా ఉంటుందన్నది తన విషయం. రెండు చలికాలాలుగా ఆ పిల్లలతో మాట్లాడుతోంది, అవసరమైనవాళ్లకి కౌన్సెలింగ్ కూడా చేస్తోంది. పరిశోధనలో పాల్గొన్నవాళ్ల అసలు పేర్లు బయటపెట్టకూడదని మాకు నియమం. అందుకని ఒక అమ్మాయిని స్వాతి అనుకుందామని మొదలుపెట్టింది.

స్వాతికి పొద్దున్నే తలనొప్పి, గుండెదడ. కాళ్లలో సత్తువుండదు. తెలియని భయమేదో పట్టుకుంటుంది. లైబ్రరీకి వెళ్లాక మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. ఊరికెళ్తే అసలు రానే రాదు. ఎండాకాలం బాగానే ఉంది, చలికాలం పరీక్షలు దగ్గరపడగానే మొదలైంది. హాస్టల్‌కీ పరీక్షకీ ఆమె మనసులో ముడిపడిపోయిందని, ఆందోళన ఒక చోటుకి అతుక్కుపోవడం ఇలాగే ఉంటుందని పద్మజ చక్కగా వివరించింది. అందరం తలలూపాం.

ప్రశ్నలున్నాయా అంటే వెనక వరసలో యాదగిరి సార్ లేచారు. ఆయనది మెకానికల్. కంబస్చన్, అంటే ఇంధనం మండే తీరు, ఆయన పరిశోధన. స్టవ్వులూ బర్నర్లూ తప్ప వేరే లోకం లేని మనిషి. పోచంపల్లి పక్క చేనేత కుటుంబం. గొంతు ఎంత మెల్లగా ఉంటుందంటే, మూడో బెంచీ దాటితే పాఠం వినపడదని పిల్లలు ఏటా రాసిస్తారు. ఇరుగుపొరుగుకి ఎప్పుడూ వస్తారు గానీ అంతకుముందు ఒక్క ప్రశ్నా అడిగిన పాపాన పోలేదు.

"మేడం, గా పిల్ల ఉండే హాస్టల్ల నీళ్లు దేంతోటి కాగుతయి?"

హాలంతా నవ్వింది. కామర్స్ ఆయనొకరు ప్లంబర్‌ని పిలుద్దామా అన్నారు. పద్మజ ముఖం ఎర్రబడింది. తన పరిశోధన మనసు గురించని, బాత్రూముల గురించి కాదని కాస్త కటువుగానే చెప్పింది. యాదగిరి సార్ కూర్చోలేదు. రూమ్‌లో తక్కిన పిల్లలకి కూడా తలనొప్పి వస్తోందా అని అడిగారు. నిద్ర చాలక వాళ్లకీ వస్తుందని ఆ పిల్లలే చెప్పారు అంది పద్మజ. ఆ మాట అంటుండగానే ఆమె గొంతు మారిపోవడం నేను గమనించాను.

టీ దగ్గర ఆయన మా ఇద్దరినీ పక్కకి పిలిచి విడమరిచి చెప్పారు. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపలే పెట్టి, గాలి పోయే దారి లేకపోతే మంట సరిగా మండదు. కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోకి చేరి ప్రాణవాయువు చోటు ఆక్రమిస్తుంది. కొంచెమైతే తలనొప్పి, దడ, కాళ్లు తేలిపోవడం. ఎక్కువైతే మనిషి ఇక లేవడు. బయటికొచ్చి మంచి గాలి పీలిస్తే మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చలికాలంలోనే ఎందుకంటే, వేడినీళ్లు పోసుకునేదీ కిటికీలు మూసుకునేదీ అప్పుడే కదా.

"రేపు ఆదివారం మేడం," అన్నారాయన. "పిల్లలు తలకు పోసుకుంటరు. తలుపేసుకుని చానసేపు ఉంటరు లోపల."

పద్మజ కప్పు కింద పెట్టేసింది. వెంటనే స్వాతికి ఫోన్ చేసింది. స్విచాఫ్. కోచింగ్ సెంటర్‌లో టెస్ట్ ఉందట, ఫోన్లు తీసేసుకుంటారట. హాస్టల్‌కి వెళ్దాం పదండి అన్నాను. పద్మజ కదల్లేదు. కౌన్సెలింగ్‌కి వస్తున్నట్టు హాస్టల్లో ఎవరికీ తెలియకూడదని స్వాతి ఆమె చేత మాట తీసుకుందట. తెలిస్తే హాస్టల్ ఆంటీ ఇంటికి చెప్తుంది, పిల్లకి మతి చెడిందని వాళ్ల నాన్న చదువు మానిపించి తీసుకుపోతాడు. అసలే ఒప్పించి తెచ్చుకున్న ఒక్క ఏడాది అది. ఏ హాస్టలో మాకు చెప్పినా ఆ మాట తప్పినట్టేనని పద్మజకి దుఃఖం పొంగుకొచ్చింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఆమె బాధా అర్థమైంది. మాట నిలబెట్టుకుంటేనే రేపు ఇంకో పిల్ల నోరు విప్పి మాట్లాడుతుంది.

దారి చూపించింది యాదగిరి సారే. "ఒక్క హాస్టల్‌కు పోతే గా పిల్ల సంగతి బయటపడ్తది. మొత్తం గల్లీ తిరుగుదాం. యూనివర్సిటీ సర్వే అందాం. నిజంగనే సర్వే చేద్దాం." మామూలుగా సర్వే అంటే ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే కమిటీ, ముందుగా ఒప్పుకోవాలి. సోమవారం వాళ్లకి నేను జవాబు చెప్పుకుంటాను, ముందు బయల్దేరండి అన్నాను. పద్మజ గల్లీ పేరు మాత్రం చెప్పింది, హాస్టల్ పేరు చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాం. యాదగిరి సార్ సంచిలో ఆ విషవాయువుని కొలిచే, ఎక్కువైతే మోగే చిన్న మీటర్ ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, కోచింగ్ బోర్డులూ జిరాక్స్ షాపులూ దాటుకుంటూ ఆ గల్లీలోకి వెళ్లాం. ఐడీ కార్డులు మెళ్లో వేసుకుని ఒక్కో హాస్టల్ గడపా తొక్కాం. కొన్నిట్లో కరెంటు గీజర్లు. ఒకచోట మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. పద్మజ ఎక్కడా ఏమీ అనలేదు. ఒక మూడంతస్తుల బిల్డింగ్ ముందు మాత్రం ఆమె నడక నెమ్మదించింది. అదేనని నాకు తెలిసిపోయింది. తెలిసినట్టు ముఖంలో కనపడనివ్వలేదు.

హాస్టల్ ఆంటీ మంచిదే, మంచినీళ్లిచ్చి మరీ బాత్రూమ్ చూపించింది. లోపల గోడకి గ్యాస్ గీజర్. పైన వెంటిలేటర్ని ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీతో బిగించి మేకులు కొట్టారు. ఎదురుగా మగపిల్లల హాస్టల్ ఉంది, వాళ్లు డాబా మీద నిలబడి చూస్తున్నారని మా పిల్లలే కొట్టించమన్నారు అంది ఆంటీ. ఆడపిల్లలున్న చోట ఎవరైనా చేసే పనే. నేనైనా అదే చేసి ఉండేదాన్ని.

యాదగిరి సార్ మీటర్ని బకెట్ మీద పెట్టి, గీజర్ వెలిగించి, నల్లా తిప్పి, బయటికొచ్చి తలుపు వేశారు. వరండాలో అందరం నిలబడ్డాం. టెస్ట్ రాసి అప్పుడే వచ్చిన పిల్లలు పుస్తకాలతో మెట్లెక్కుతూ ఆగారు. వాళ్లలో ఒక సన్నటి అమ్మాయి పద్మజని చూసి గోడకి జరిగిపోయింది. పద్మజ ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ఆమె మీద నుంచి చూపు పక్కకి తిప్పేసింది. ఆ చూపు తిప్పడానికి ఆమె ఎంత కష్టపడిందో పక్కనున్న నాకు తెలుసు. కాసేపటికి మూసిన తలుపు వెనక మీటర్ మోగడం మొదలైంది. ఆగకుండా మోగుతూనే ఉంది.

సార్ తలుపు బార్లా తీసి, ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి సిలిండర్ కట్టేశారు, ఫ్లెక్సీ పీకేశారు. తర్వాత పిల్లలందరికీ విషయం చెప్పారు. పద్మజ కూడా అందరితో పాటే, అందరికీ చెప్పినట్టే, తలనొప్పి వస్తే అది మీ పిరికితనం కాదమ్మా అంది. సన్నటి అమ్మాయి తల దించుకుని వింది.

అప్పుడు ఆంటీ మమ్మల్ని పక్కకి తీసుకెళ్లింది. పోయిన చలికాలం ఇదే బాత్రూంల ఒక పిల్ల పడిపోయింది, దవాఖానకు తీసుకపోయేసరికే ప్రాణం లేదు, గుండె ఆగిందన్నరు అని ఏడ్చింది. హాస్టల్ పేరు పోతుందని, అడిగినవాళ్లకి ఊరికి పోయిందని చెప్పిందట. పద్మజ ఆ పిల్ల పేరు అడిగింది. విన్నాక మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆ అమ్మాయి కిందటేడు పద్మజతో ఒక్కసారి మాట్లాడింది. రెండోసారి రాలేదు. హాస్టల్‌కి ఫోన్ చేస్తే ఊరికి పోయిందన్నారు. మా పరిశోధనల్లో మధ్యలో మానేసినవాళ్లని డ్రాప్ అవుట్ అంటాం. అలాంటివాళ్లని లెక్కలోంచి తీసేసి, తక్కినవాళ్లతో పని ముగిస్తాం. అందరం చేసేదే. పద్మజ కూడా ఆ పిల్లని డ్రాప్ అవుట్ అనే రాసుకుంది.

తర్వాతి వారాల్లో సర్వే పూర్తి చేశాం. ఆ హాస్టల్‌తో పాటు ఇంకొన్నిట్లో కూడా యజమానులు గీజర్లు మార్పించారు. స్వాతికి తలనొప్పి పోయింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు, పరీక్ష భయం పరీక్షదే కదా. ఆమె ఇంకా కౌన్సెలింగ్‌కి వస్తూనే ఉందని పద్మజ చెప్పింది. అంతవరకు మా పని బాగానే జరిగిందని సంతోషించాం. కానీ పద్మజకి నిద్ర పట్టడం లేదు. ఆ చనిపోయిన పిల్ల తల్లిదండ్రులకి చెప్పాలి అని పట్టుబట్టింది.

ఫిబ్రవరిలో ముగ్గురం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి చౌటుప్పల్ అవతల వాళ్ల ఊరికి వెళ్లాం. అప్పట్లో పోస్ట్‌మార్టం చేయించలేదు కాబట్టి, గ్యాస్ వల్లే అని గట్టిగా చెప్పే సాక్ష్యం లేదని, అయ్యుండొచ్చు అని మాత్రమే చెప్తానని యాదగిరి సార్ బస్సులో మాకు ముందే చెప్పారు. శాస్త్రం తెలిసిన మనిషి అంతకంటే ఏం చెప్తారు.

వాళ్లది చిన్న ఇల్లు. మేం కూర్చోగానే బయట అరుగుల మీద ఇరుగుపొరుగు చేరారు, పట్నం నుంచి ఎవరొచ్చారా అని. సార్ మెల్లగా అంతా చెప్పారు. తండ్రి నేల చూస్తూ విన్నాడు. చదువు చదువని నేనే తరిమిన, నేనే చంపుకున్న అనుకుంటున్నానని ఆఖరికి అన్నాడు. ఊళ్లో మాత్రం ఇంకో మాట నడుస్తోందట. పిల్ల హాస్టల్లో ఏదో పురుగుల మందు తాగిందని, అది బయటికి రాకుండా గుండె అని చెప్తున్నారని.

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని సార్ వైపు తిరిగింది.

"సారూ, నా బిడ్డ మందు తాగలె అన్నట్టేనా? గా మాట జర గట్టిగ చెప్పున్రి. బయట కూసున్నోళ్లకు ఇనవడాలె."

యాదగిరి సార్ లేచి గడప దగ్గరికి వెళ్లారు. మూడో బెంచీ దాటని ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "నేను యూనివర్సిటీల సారును. ఈ ఇంటి పిల్ల తానం చేసిన బాత్రూంల విషపు గాలి పుడ్తది. నేనే పోయి కొలిచిన. ఈ పిల్ల తప్పేం లేదు." లోపల ఆ తల్లి గోడకి ఆనుకుని గొంతెత్తి ఏడ్చింది. అన్నాళ్లూ ఆమె అలా ఏడవలేదని భర్త మాతో చెప్పాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో పేపర్లు జర్నల్‌కి పంపించాను. హాస్టల్ సర్వే పేపర్ కూడా వెళ్లింది. మొదటి పేరు మీదంటే మీదని పద్మజా యాదగిరి సారూ నా గదిలో వాదించుకున్నారు, అలాంటి తగువు నేను అదొక్కటే చూశాను. పరిశోధన పంచుకోవడం అంటే పాయింట్లు పంచుకోవడం అనుకునేదాన్ని. పక్కవాళ్లకి మనం చెప్పకపోతే, మనకి కనపడనిది మనకి ఎప్పటికీ కనపడదని ఆ చలికాలం తెలిసింది. అదీ ఒక పిల్ల ప్రాణం పోయాక గానీ తెలియలేదు.

ఇరుగుపొరుగు ఇంకా నడుస్తోంది. ఎవరైనా తమ పరిశోధన చెప్తూ, మధ్యలో కొందరు డ్రాప్ అవుట్ అయ్యారండీ అని ముందుకెళ్లబోతే పద్మజ లేచి నిలబడుతుంది. వాళ్లు ఎక్కడికి వెళ్లారు అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా కూర్చోదు.