ట్రాలీకి బ్రేకుందా?

తొంభైల మొదట్లో, రాయపూర్ పక్కన ఉర్లాలో మా వర్క్‌షాపు మొత్తం మీద బండి తోలడం నాకు వచ్చినంత ఎవరికీ రాదని నా గట్టి నమ్మకం. వెల్డింగు అంతంతమాత్రం, లెక్కలు సున్నా. కానీ పికప్ వెనక ట్రాలీ తగిలించి తోలమంటే మాత్రం మీసం మెలేసేవాణ్ణి.

అప్పట్లో మా డ్రైవర్లందరికీ ఒక విద్య ఉండేది. పల్లం కనబడితే చాలు, గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళం. బండి దానంతటది జారుతుంది, డీజిలు మిగులుతుంది. ఎవరు ఎంత దూరం జార్చారో టీ కొట్టు దగ్గర గొప్పలు చెప్పుకునేవాళ్ళం. నేను చెప్పిన దూరాల్లో సగం అబద్ధం. మిగతావాళ్ళవీ అంతే అయి ఉంటాయి.

మా నాన్న రైలింజను డ్రైవరు. శ్రీకాకుళం నుంచి మీసాలు మొలవని వయసులో వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలోనే జుట్టు నెరిపించుకున్నాడు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుందనగా కళ్ళ పరీక్షలో ఇంజనుకి పనికిరాడన్నారు. కుర్చీ పని ఇస్తామంటే వద్దని ఇంటికొచ్చేశాడు. డ్యూటీకి తీసుకెళ్ళే నల్ల ఇనప పెట్టె మీద తెల్ల రంగుతో హిందీలో 'డ్రైవర్' అని రాసి ఉండేది. దాన్ని మంచం కిందికి తోసి, అక్షరాలు గోడవైపు తిప్పేశాడు. ఊడ్చేటప్పుడు అమ్మ పొరపాటున ఇటు తిప్పి పెడితే, లేచి మళ్ళీ అటు తిప్పేవాడు. నాతో మాటలు తగ్గిపోయాయి. ఆయన్ని చూస్తే నాకు భయం వేసేది. నాతో పోట్లాడే నాన్నయితే నాకు అలవాటే, ఊరికే కూర్చున్న నాన్నతో ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

కొండగావ్‌లో ఒక రైసు మిల్లు జనరేటరు పాడైంది. దాన్ని మిల్లులోనే ఉన్న నాలుగు చక్రాల ట్రాలీ మీద ఉర్లాకి లాక్కురమ్మని మా మేస్త్రీ నాకు చెప్పాడు. నాన్నని కూడా తీసుకెళ్ళమని అమ్మ పట్టుబట్టింది. ఆయన ఇంట్లో కూర్చుని పప్పు ఎప్పుడు దించాలో కూడా తనకి చెబుతున్నాడట. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు.

ధమ్‌తరీ దాటాక నాన్న ఒకసారి ఆకలి లేదన్నాడు, అంతే. కేశ్‌కాల్ ఘాట్ కొండదారి ఎక్కేటప్పుడు పికప్ ఉత్తదే కాబట్టి ఈల వేస్తూ ఎక్కించేశాను.

మిల్లు దొడ్డంతా బురద. ట్రాలీ తగిలించాను గానీ చక్రాలు తిరుగుతున్నాయి తప్ప బండి కదలదు. మా పికప్‌లో గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర ఉండేది. అది వేస్తే నాలుగు చక్రాలకీ బలం వస్తుంది, కానీ నత్తనడకే. అది వేసి మెల్లగా లాగాను. తారు రోడ్డెక్కగానే తీసేశాను. గట్టి రోడ్డు మీద అది వేసుకుని తిరిగితే బండి పళ్ళు కొరుకుతుంది. ఈ సంగతంతా నాన్నకి పెద్ద మాస్టారులా వివరించాను. ఆయన విని, దిగి, ట్రాలీ చుట్టూ తిరిగాడు. చక్రాల మధ్య ఇనుముని ఒక్కొక్కటే, వేడి చూస్తున్నట్టు, మునివేళ్ళ వెనకవైపుతో తాకి చూశాడు. మిల్లు హమాలీలు నవ్వుకున్నారు, నేనూ నవ్వాను.

"ట్రాలీకి బ్రేకుందేట్రా?" అన్నాడు.

లేదన్నాను. ఏ ట్రాలీకీ ఉండదన్నాను. గూడ్సు బండిలో పెట్టె పెట్టెకీ బ్రేకు ఉంటుందని, అది సరిగ్గా ఉందని కాగితం చేతికొస్తే తప్ప తాను బండి కదిపేవాణ్ణి కాదని ఆయన చెప్పాడు. ఇది రైలు కాదు నాన్నా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన బండెక్కి మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

మధ్యాహ్నం ఘాట్ దిగడం మొదలుపెట్టాం. అలవాటు కొద్దీ న్యూట్రల్‌లో వేశాను. మొదటి మలుపు దాకా హాయిగా ఉంది. రెండో మలుపు దగ్గర వెనక నుంచి ఎవరో తోసినట్టయింది. మూడో మలుపుకి బ్రేకు మీద నుంచి కాలు తియ్యడానికి లేకుండా పోయింది. రబ్బరు కాలిన వాసన మొదలైంది. నాలుగో మలుపుకి పెడలు మెత్తగా లోపలికి దిగిపోయింది.

నాన్న అరవలేదు. నా భుజం మీద చెయ్యేశాడు.

"ఎక్కినప్పుడు నువ్వు దాన్ని లాగుతావు. దిగినప్పుడు అది నిన్ను తోస్తాది. ఇంజనుని పట్టుకోమను. మూడేయ్."

బ్రేకు పెడలు రెండు మూడుసార్లు కొట్టి మూడో గేరు వేశాను. ఇంజను గొల్లుమంది. బండి కాస్త నిదానించగానే "రెండు" అన్నాడు. రెండు వేశాక బండిని ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపినట్టయింది. రోడ్డు వెడల్పయిన చోట హ్యాండ్ బ్రేకు లాగి ఆపి, చక్రాల ముందు రాళ్ళు పెట్టాం. నాన్న మునివేళ్ళ వెనకవైపు పికప్ చక్రం దగ్గర పెట్టి వెంటనే తీసేశాడు. ఈసారి నేను నవ్వలేదు.

చాలాసేపు చల్లారనిచ్చాక పెడలు మళ్ళీ గట్టిపడింది. అయినా మిగతా ఘాట్ దిగడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆ మాటే ఆయనతో అన్నాను. నాన్న కళ్ళు చికిలించి రోడ్డు వైపు చూశాడు.

"దూరం మలుపు నాకు కనబడదు. కనబడింది నువ్వు పైకి సెప్పు. ఏ గేరో నేను సెప్తాను."

ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు అలాగే చేస్తారు. ఒకరు సిగ్నలు చూసి పైకి చెబుతారు, రెండోవాళ్ళు అదే మాట తిరిగి చెబుతారు. చిన్నప్పుడు నాన్న నిద్రలో కూడా ఆ మాటలు కలవరించేవాడు.

"ఎడమ మలుపు" అన్నాను.

"ఎడమ మలుపు. రెండులోనే ఉంచు" అన్నాడు.

ఎదుట లారీ అంటే ఎదుట లారీ. గేదెలంటే గేదెలు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దని, కావలసినప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి వదిలెయ్యమని మధ్యలో చెప్పాడు. ఆయన గొంతులో నెలల తరబడి వినబడని నిబ్బరం మళ్ళీ వినబడింది. మలుపు చూసి చెబుతున్నాను గానీ, నా చెవులు రెండూ ఆ గొంతు మీదే ఉన్నాయి. కింద చదును నేల రాగానే "ఇంక పై గేరెయ్, పాపం ఇంజను ఏడుస్తంది" అన్నాడు. కాంకేర్‌లో దిగి నాలుగు సమోసాలు తిన్నాడు.

ఇంటికెళ్ళాక ఎలా జరిగిందని అమ్మ అడిగింది. పిల్లడు బాగా చూసి చెప్పాడని మాత్రం అన్నాడు. న్యూట్రల్ సంగతి అమ్మకి చెప్పలేదు. అందుకు ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

మూడో రోజు పొద్దున్న ఆరంగ్‌కి ఒక నీళ్ళ ట్యాంకు లాక్కెళ్ళాలి. పికప్ స్టార్టు చేసేసరికి నాన్న నల్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. లోపల అమ్మ కట్టిచ్చిన పులిహోర. పెట్టెని మా ఇద్దరి మధ్యా పెట్టుకున్నాడు, అక్షరాలు ముందుకి. దానివల్ల గేరు మార్చినప్పుడల్లా నా మోచెయ్యి కొట్టుకుంటోంది. అయినా పెట్టెని అక్కడే ఉండనిచ్చాను.

ఆరంగ్ దారిలో ఘాట్ లేదు, పల్లమంటూ ఏమీ లేదు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఊరు దాటాక దూరంగా ఒక లారీ కనబడింది.

"ఎదుట లారీ" అన్నాను.

"ఎదుట లారీ" అన్నాడు నాన్న.